మొహం చూసి బొట్టు పెట్టకుండా ముసుగు ధరించినవారి గుర్తింపును తనిఖీ చేయడం ఎలా

కౌంటరు ముందు ఇద్దరు నిలబడి ఉన్నారనుకోండి. ఇద్దరూ ఒకే పని మీద వచ్చారు. తమ పేరు మీద వచ్చిన పార్సిల్ తీసుకువెళ్లాలి. మొదటి ఆయన మాస్కు పెట్టుకుని, నల్లకళ్లద్దాలతో, టోపీని నుదుటి మీదికి దించుకుని వచ్చారు. పేరు చెప్పగానే పార్సిల్ ఆయన చేతికి వచ్చింది. రెండోవారు నిఖాబ్ ధరించిన మహిళ. ఆమెను కార్డు అడిగారు, ముసుగు తీయమన్నారు, ఆమె సంకోచిస్తే వెనుక ఉన్న వరుస అంతా వినేలా మళ్లీ అడిగారు. ఎందుకలా అడిగారని కౌంటరులోని ఉద్యోగిని నిలదీస్తే "నియమం ఉంది" అని జవాబు వస్తుంది. అది అబద్ధం కూడా కాదు, నియమం నిజంగానే ఉంది. మొదటి ఆయన వచ్చినప్పుడు ఆ నియమం ఎక్కడికి పోయిందన్నదే తేల్చవలసిన విషయం.

ఈ వ్యాసం కౌంటరు వెనుక పనిచేసేవారికీ, వారి కోసం నియమాలు రాసే మేనేజర్లకూ ఉద్దేశించినది. కొన్నేళ్లు ఆ పని చేసి, తర్వాత కొత్తగా చేరినవారికి దాన్ని నేర్పినందువల్ల నాకు ఒక అభిప్రాయం ఏర్పడింది. వివక్ష ఉందా లేదా అని చూసేటప్పుడు అందరూ ఎవరిని అడిగారో లెక్కపెడతారు; ఎవరిని అడగకుండా పంపించారో ఎవరూ లెక్కపెట్టరు. తెలిసిన మొహమనీ, పెద్దమనిషిలా ఉన్నారనీ, అడిగితే ఏమనుకుంటారో అన్న మొహమాటం కొద్దీ వదిలేసిన ప్రతి సందర్భమూ, ఆ తర్వాత అడిగిన మనిషి పట్ల అన్యాయంగా మారుతుంది. మొహం చూసి బొట్టు పెట్టడమని మనవాళ్లు అనేది దీన్నే. కింద చెప్పే అడుగులన్నీ ఈ ఒక్క దృష్టితో రాసినవి.

మొదటి అడుగు: ఆ పనికి ముఖం చూడవలసిన అవసరం ఉందా అన్నది తేల్చుకోండి

గుర్తింపు తనిఖీ అనే ఒకే మాట కింద మనం నాలుగు వేర్వేరు పనులను కలిపేస్తుంటాం. వచ్చిన వ్యక్తి తాను చెబుతున్న మనిషేనా అని తెలుసుకోవడం ఒకటి. వయస్సు సరిపోతుందా అని చూడడం ఇంకొకటి. ఆ సేవ పొందడానికి అర్హత ఉందా అని చూడడం మూడోది. రేపు ఏదైనా జరిగితే కెమెరాలో ముఖం దొరకాలన్న భద్రతా అవసరం నాలుగోది. ఈ నాలుగింటికీ కావలసిన ఆధారాలు వేరు. నగదు ఇచ్చి వస్తువు కొనేవారి పేరుతో ఎవరికీ పని లేదు. చిప్ ఉన్న కార్డును యంత్రంలో పెట్టి పిన్ నంబరు నొక్కినవారి విషయంలో ఆ కార్డు వారిదేనని తేల్చే పనిని పిన్ నంబరుకే అప్పగించారు కాబట్టి, దానిపైన ముఖం కూడా చూపమనడానికి ప్రత్యేకమైన కారణం ఉండాలి. పార్సిల్ కోసం ఫోనుకు రహస్య సంఖ్య పంపించే పద్ధతి ఉన్నప్పుడు, ఆ సంఖ్య సరిపోతే పని పూర్తయినట్టే. కొత్త ఖాతా తెరవడం, పోయిన సిమ్ స్థానంలో కొత్తది ఇవ్వడం, ఖాతాలోని పెద్ద మొత్తాన్ని నగదుగా ఇవ్వడం వంటి పనుల్లో మాత్రం కార్డు మీది ఫొటోను మనిషి ముఖంతో పోల్చి చూడడం సమంజసం, ఎందుకంటే అక్కడ మోసం జరిగితే నష్టపోయేది అసలు ఖాతాదారే.

కాబట్టి ఒక కాగితం తీసుకుని మీ కౌంటరులో జరిగే పనులన్నింటినీ ఒకదాని కింద ఒకటి రాయండి. ప్రతి పనికి ఎదురుగా పై నాలుగింటిలో ఏది కావాలో, దానికి ఆధారంగా ఏది చూస్తారో, ముఖం చూడవలసి వస్తే ఎందుకో రాయండి. చివరి గడిలో రాయడానికి మీకు మాట దొరకకపోతే, ఆ పనికి ముఖం అడగడం మానేయండి. భద్రత అని రాసినచోట మరింత జాగ్రత్త అవసరం. ముఖం కెమెరాకు కనిపించాలన్నదే కారణమైతే అది తలుపు దగ్గరే మొదలవ్వాలి. హెల్మెట్‌కూ, మందపాటి మఫ్లర్‌కూ, మాస్కుకూ, నిఖాబ్‌కూ ఒకే విధంగా వర్తించాలి. హెల్మెట్ పెట్టుకున్నవారిని నవ్వుతూ లోపలికి రానిచ్చి, నిఖాబ్ ధరించినవారిని ఆపితే, అక్కడ కారణం భద్రత అని ఎవరినీ నమ్మించలేరు.

వయస్సు తనిఖీ విషయంలో బ్రిటన్ దుకాణాల్లో చాలాకాలంగా వాడుతున్న ఒక పద్ధతి గమనించదగినది. మద్యం కొనడానికి అక్కడ చట్టం విధించిన వయస్సు 18 ఏళ్లు. కానీ 25 ఏళ్ల లోపు ఉన్నట్టు కనిపించే ప్రతి ఒక్కరినీ గుర్తింపు కార్డు అడగమని సిబ్బందికి చెబుతారు. ఏడేళ్ల ఆ వెసులుబాటు వల్ల ఉద్యోగి ఒకరి వయస్సును కచ్చితంగా అంచనా వేయవలసిన అవసరం తగ్గుతుంది, అడిగించుకున్నవారికీ తమ మీద అనుమానం వచ్చిందన్న బాధ తగ్గుతుంది. ముఖం కప్పుకుని ఉంటే వయస్సు అంచనాకే అందదు కనుక, ఆ ముసుగు ఏ రకమైనదైనా కార్డు అడగడం న్యాయమే.

రెండో అడుగు: నియమాన్ని బట్టల పేరుతో రాయకండి

2005లో ఇంగ్లండ్‌లోని కెంట్ ప్రాంతంలో ఉన్న బ్లూవాటర్ అనే పెద్ద షాపింగ్ కేంద్రం తలను కప్పే హుడీలనూ, బేస్‌బాల్ టోపీలనూ ధరించి తిరగడాన్ని నిషేధించింది. దాని మీద దేశమంతా చర్చ జరిగింది. తమకు అభ్యంతరం ముఖం కనిపించకపోవడమే అయితే, మెడ వెనుక వేలాడే హుడీకీ ముఖానికీ సంబంధం ఏమిటి? బట్టల పేరుతో నియమం రాసినప్పుడు ఆ బట్ట త్వరలోనే ఒక రకమైన మనుషులకు మారుపేరు అయిపోతుంది. యువకులనో, నల్లజాతివారినో, ముస్లిం మహిళలనో నేరుగా పేరు పెట్టి ఆపలేనివారికి బట్ట ఒక సాకుగా దొరుకుతుంది.

నియమాన్ని ఎప్పుడూ ముఖం పేరుతో రాయండి: "ఈ పని కోసం ఫొటోతో పోల్చేటప్పుడు నుదుటి నుంచి గడ్డం వరకు ముఖం కనిపించాలి." ఈ ఒక్క వాక్యంతోనే సగం గొడవలు పుట్టకుండా ఆగిపోతాయి, ఎందుకంటే హిజాబ్ జుట్టునూ మెడనూ కప్పుతుంది, ముఖాన్ని కాదు, సిక్కుల తలపాగా కూడా అంతే. ప్రపంచ దేశాల పాస్‌పోర్టులకు ప్రమాణాలు నిర్ణయించే అంతర్జాతీయ పౌర విమానయాన సంస్థ సైతం మతపరమైన కారణంతో తలను కప్పుకుని ఫొటో దిగడాన్ని అనుమతించడానికి వీలు కల్పించింది, ముఖం స్పష్టంగా కనిపించాలన్నదే అక్కడి షరతు. ఆ ఫొటోలో తలపాగా ఉన్న మనిషి మీ ఎదుట తలపాగాతోనే నిలబడితే దాన్ని తీయమనడానికి ఏ కారణమూ మిగలదు. హిజాబ్, నిఖాబ్, బుర్ఖా అన్న మూడు మాటలకూ తేడా తెలియని ఉద్యోగిని కౌంటరులో కూర్చోబెట్టకండి. మొదటిది తలను కప్పుతుంది. రెండోది కళ్లు మినహా ముఖాన్ని కప్పుతుంది. మూడోది ఒళ్లంతా కప్పే వస్త్రం, మన వాడుకలో ముఖం తెరిచి ఉన్నదాన్ని కూడా బుర్ఖా అనే అంటారు కాబట్టి ఆ మాట వినగానే ముఖం కనిపించదని అనుకోవడం పొరపాటు.

ఇక నియమంలో "అనుమానాస్పదంగా కనిపిస్తే" అన్న మాటలు ఉంటే కొట్టేయండి. వివక్ష లోపలికి వచ్చే తలుపు అదే. అడగడానికి కారణం మనిషిలో కాకుండా పనిలో ఉండాలి. ఫలానా మొత్తం దాటితే అడుగుతాం, చిరునామా మార్చమంటే అడుగుతాం, కార్డు లేకుండా ఖాతా వివరాలు కోరితే అడుగుతాం అని రాస్తే, ఆ సంఘటన జరిగిందో లేదో ఎవరైనా చూసి చెప్పగలరు. అనుమానం కలిగిందో లేదో చూసి చెప్పగలవారు ఎవరూ ఉండరు.

మూడో అడుగు: మీరు ఉన్న చోటి చట్టాన్ని తెలుసుకోండి

ముఖాన్ని కప్పుకోవడం గురించి దేశానికొక చట్టం ఉంది. ఫ్రాన్స్ 2010లో బహిరంగ ప్రదేశాల్లో ముఖం కప్పుకోవడాన్ని నిషేధిస్తూ చట్టం చేసి, 2011 ఏప్రిల్ నుంచి అమలు చేసింది. ఆ చట్టాన్ని యూరప్ మానవ హక్కుల న్యాయస్థానం 2014లో సమర్థించింది. కానీ ఆ తీర్పులో మన పనికి పనికొచ్చే భాగం వేరే ఉంది. భద్రత కోసమే సంపూర్ణ నిషేధం అవసరమన్న ప్రభుత్వ వాదనను న్యాయస్థానం అంగీకరించలేదు. ప్రమాదం ఉందని తేలినచోటనో, గుర్తింపు విషయంలో మోసం జరుగుతోందన్న అనుమానానికి ప్రత్యేక పరిస్థితులు ఉన్నచోటనో ముఖం చూపి గుర్తింపు నిరూపించుకోమంటే ఆ లక్ష్యం నెరవేరుతుందని చెప్పింది. నిషేధాన్ని సమర్థించింది సామాజిక సహజీవనం అన్న మరో కారణంతో. అంటే గుర్తింపు కోసం ఆ కొద్దిసేపు ముఖం చూపమని అడగడాన్ని న్యాయస్థానం తేలికపాటి మార్గంగానే చూసింది.

బ్రిటన్‌లో 2010 నాటి సమానత్వ చట్టం వస్తువులు, సేవలు అందించేవారికి కూడా వర్తిస్తుంది. జాతిని బట్టి, మతాన్ని బట్టి ఒకరిని తక్కువగా చూడడం ప్రత్యక్ష వివక్ష. అందరికీ ఒకే నియమం పెట్టినా దాని బరువు ఒక వర్గం మీదనే ఎక్కువగా పడితే అది పరోక్ష వివక్ష కావచ్చు. ఆ నియమానికి న్యాయమైన ఉద్దేశం ఉందనీ, ఆ ఉద్దేశానికి తగినంత మేరకే నియమం ఉందనీ సంస్థ చూపించుకోగలిగితే తప్ప అది నిలవదు. "అందరికీ ఒకటే రూలు" అన్న సమాధానం అక్కడ సరిపోదన్న సంగతి చాలామంది మేనేజర్లకు ఫిర్యాదు వచ్చాకగాని తెలియదు. అమెరికాలో 1964 నాటి పౌర హక్కుల చట్టం హోటళ్లు, భోజనశాలలు, సినిమాహాళ్ల వంటి చోట్ల జాతి, మతం ఆధారంగా వివక్ష చూపడాన్ని నిషేధించింది. దుకాణాల్లో జరిగే జాతి వివక్షకు సంబంధించిన దావాలు ఎక్కువగా 1866 నాటి చట్టం నుంచి వచ్చిన నిబంధన కింద, ఒప్పందం చేసుకునే హక్కు పేరుతో నడుస్తాయి. ఆ నిబంధన కింద దావా వేసినవారు తమ జాతి వేరై ఉంటే ఆ నష్టం జరిగేది కాదని నిరూపించుకోవాలని అక్కడి సుప్రీంకోర్టు 2020లో స్పష్టం చేసింది.

నాలుగో అడుగు: అడగడం

నియమం ఎంత చక్కగా రాసినా, చివరికి అది ఒక గొంతు నుంచి ఒక చెవికి చేరాలి. ఇక్కడ తొందరపడకండి.

ముందు పని చెప్పండి, తర్వాత నియమం చెప్పండి, ఆ తర్వాత మార్గాలు చెప్పండి, ఆపైన ఊరుకోండి. ఉదాహరణకు ఇలా అనవచ్చు: "ఖాతాలో ఫోను నంబరు మార్చాలంటే కార్డు మీది ఫొటోతో ముఖం పోల్చి చూడాలండి. ఈ పని మీద వచ్చిన ప్రతివారినీ అడుగుతాం. పక్క గదిలో మా సహోద్యోగిని ఉన్నారు, ఆవిడ ఒక్కరే చూస్తారు. లేదంటే ఇక్కడే చూపించవచ్చు. మీకు ఎలా వీలుగా ఉంటే అలా చేద్దాం." ఇందులో ముసుగు అన్న మాటే రాలేదని గమనించండి. బట్ట మీద వ్యాఖ్య చేయకుండానే విషయమంతా చెప్పవచ్చు. ఎదుటివారు ఆలోచించుకునేదాకా అదే మాటను గొంతు పెంచి తిరిగి చెప్పకండి. భాష అర్థం కాలేదేమో అనిపిస్తే నియమం రాసి ఉన్న కాగితాన్ని చూపించండి. బిగ్గరగా చెప్పినంత మాత్రాన తెలియని భాష తెలిసిపోదు.

"మీవాళ్లందరికీ ఇదే ఇబ్బంది", "మా దగ్గర ఇలాంటివి కుదరవు", "ఇంతకీ మీది ఏ దేశం" అన్న మూడు రకాల మాటలు ఎట్టి పరిస్థితిలోనూ నోట రాకూడదు. మూడోది చాలామంది మర్యాదగా, కబుర్లలో భాగంగా అడుగుతారు. గుర్తింపు తనిఖీ జరుగుతున్నప్పుడు అదే ప్రశ్న విచారణలా వినిపిస్తుంది.

గది అన్నాం కాబట్టి దాని గురించి కూడా రెండు మాటలు. తలుపు మూసుకునే వీలు ఉండాలి, లోపల కెమెరా ఉండకూడదు, ఉంటే ఆ సంగతి ముందుగా చెప్పాలి, లోపల ఒక మహిళా ఉద్యోగి, ఆ మహిళ తప్ప మరెవరూ ఉండకూడదు, వారు తోడు తెచ్చుకుంటామంటే అభ్యంతరం పెట్టకూడదు. ఫొటోతో పోల్చడానికి ఎంతసేపు పడుతుందో అంతసేపే ముఖం తెరిచి ఉంచమనాలి. ఎదుటివారి ముసుగును మీ చేత్తో తాకకండి, సరిచేయడానికి కూడా. కెనడాలో పౌరసత్వ ప్రమాణం చేసేటప్పుడు నిఖాబ్ తీయాలన్న నిబంధన 2015లో న్యాయస్థానంలో ఓడిపోయింది. ఆ కేసులోని మహిళ ప్రమాణానికి ముందు తన గుర్తింపు నిర్ధారణ కోసం ఒక మహిళా అధికారి ముందు ఏకాంతంగా ముఖం చూపడానికి మొదటి నుంచీ సిద్ధంగానే ఉన్నారు. ఆవిడ అభ్యంతరం గుర్తింపు తనిఖీకి కాదు, అందరి ముందూ తీయడానికి. మీ కౌంటరుకు వచ్చేవారిలో కూడా ఈ తేడా తరచుగా కనిపిస్తుంది. "తీయను" అని వినిపించేది చాలాసార్లు "ఇక్కడ తీయను" అన్న మాటే.

మహిళా ఉద్యోగి ఆ సమయంలో లేకపోతే ఆ సంగతి దాచకండి. ఎంతసేపటికి వస్తారో చెప్పండి, ఫలానా రోజు రమ్మని సమయం రాసి ఇవ్వండి, వేలిముద్రతోనో ముందుగా నమోదు చేసుకున్న ప్రశ్నలతోనో పని జరిగే వీలుంటే అది సూచించండి. మహిళా ఉద్యోగిని కేటాయించడం ప్రతి దేశంలోనూ చట్టపరమైన బాధ్యత కాదు. ఒక ఫ్రెంచ్ కాన్సులేట్ వద్ద జరిగిన ఇలాంటి వివాదాన్ని యూరప్ న్యాయస్థానం 2008లో విచారణకు స్వీకరించకుండానే తోసిపుచ్చింది. అయినా చట్టం బలవంతం చేయనంత మాత్రాన చేయకూడదని లేదు కదా. రోజువారీ డ్యూటీ పట్టిక వేసేటప్పుడు ప్రతి పూటా ఒక మహిళ ఉండేలా చూడడం పెద్ద ఖర్చుతో కూడిన పని కాదు.

ముసుగు అనగానే మతం ఒక్కటే గుర్తుకు తెచ్చుకోవడం కూడా ఒక పక్షపాతమే. కాలిన గాయాలు ఉన్నవారు, శస్త్రచికిత్స జరిగినవారు, రోగనిరోధక శక్తి తగ్గే చికిత్సలో ఉన్నవారు కూడా ముఖం కప్పుకుని వస్తారు. వారికీ అదే గది, అదే మాట.

అయిదో అడుగు: ఫొటోతో పోల్చడం

ఫొటో చూసి మనిషిని గుర్తుపట్టడం తేలికని మనందరికీ ఒక నమ్మకం ఉంటుంది. తెలిసినవారి విషయంలో అది నిజమే. ముక్కూమొహం తెలియనివారి విషయంలో కాదు. 1997లో బ్రిటన్‌లో ప్రచురితమైన ఒక ప్రసిద్ధ ప్రయోగంలో ఫొటో ఉన్న క్రెడిట్ కార్డులతో కొందరిని సూపర్‌మార్కెట్ క్యాషియర్ల వద్దకు పంపించారు. వేరేవారి ఫొటో ఉన్న కార్డులలో సగానికి పైగా చెల్లిపోయాయి. ఇది అనుభవం లేకపోవడం వల్లనేమో అనుకోవడానికి వీల్లేకుండా, ఆస్ట్రేలియా పాస్‌పోర్టు అధికారులతో చేసి 2014లో ప్రచురించిన ప్రయోగంలో, ఎదుట నిలబడిన మనిషిది కాని ఫొటోను వారు 14 శాతం సందర్భాల్లో ఆ మనిషిదేనని అంగీకరించారు. ఎన్నేళ్ల అనుభవం ఉన్నా తప్పులు తగ్గినట్టు అందులో కనిపించలేదు.

దీనికి తోడు, తమ జాతివారి ముఖాలకంటే ఇతర జాతులవారి ముఖాలను గుర్తుపట్టడంలో మనుషులు ఎక్కువగా పొరబడతారని 1960ల చివరి నుంచీ పరిశోధకులు చూపిస్తూనే ఉన్నారు. ఈ పొరపాటు ఎవరో ఒక జాతికే ఉన్నది కాదు, అందరికీ ఉన్నదే. అందువల్ల "వీళ్లంతా ఒకేలా ఉంటారు" అని మీకు ఎప్పుడైనా అనిపిస్తే, అది ఎదుటివారి ముఖం గురించిన సమాచారం కాదు, మీ కంటికి ఉన్న పరిమితి గురించిన సమాచారం. దాన్ని మోసానికి ఆధారంగా వాడకూడదు.

చేయవలసింది ఇది. మొత్తం ముఖాన్ని ఒక్కసారిగా చూసి "అవును", "కాదు" అనకండి. చెవుల ఆకారం, పుట్టుమచ్చలు, పాత గాయపు గుర్తులు, ముక్కు, పెదవుల అంచులు, గడ్డం ఒక్కొక్కటిగా పోల్చండి. జుట్టు, గడ్డం పెంచుకున్న తీరు, లావు, సన్నం, కళ్లద్దాలు, మేకప్ మారిపోయేవి కాబట్టి వాటికి విలువ ఇవ్వకండి. హిజాబ్ చెవులను కప్పుతుంది కనుక అక్కడ మిగతావాటి మీద ఆధారపడాలి. సందేహం వస్తే సహోద్యోగిని పిలవండి, అయితే "ఈవిడ కాదనిపిస్తోంది, చూడండి" అని పిలవకండి. మీ అభిప్రాయం చెప్పకుండా "ఈ రెండూ పోల్చి చెప్పండి" అనండి. లేకపోతే మీకు దొరికేది రెండో అభిప్రాయం కాదు, మీ అభిప్రాయానికి ప్రతిధ్వని. కార్డు అసలైనదేనా, గడువు ఉందా, పుట్టిన తేదీ, సంతకం సరిపోతున్నాయా అన్నవి కూడా చూసిన తర్వాతే నిర్ణయానికి రండి.

యంత్రం చెప్పిందనుకున్నా ఇదే జాగ్రత్త కావాలి. అమెరికా ప్రభుత్వ ప్రమాణాల సంస్థ 2019లో 189 ముఖ గుర్తింపు సాఫ్ట్‌వేర్లను పరీక్షించినప్పుడు, ఒక వ్యక్తిని మరొకరిగా పొరబడే తప్పు చాలా సాఫ్ట్‌వేర్లలో ఆసియా, ఆఫ్రికన్ అమెరికన్ ముఖాల విషయంలో తెల్లవారి ముఖాలకంటే 10 నుంచి 100 రెట్ల వరకు ఎక్కువగా ఉన్నట్టు తేలింది. అదే సంస్థ 2020లో మాస్కులు ఉన్న ముఖాలతో పరీక్షిస్తే, కోవిడ్‌కు ముందు తయారైన మంచి సాఫ్ట్‌వేర్లు కూడా 5 నుంచి 50 శాతం దాకా విఫలమయ్యాయి. ఆ తర్వాత సాఫ్ట్‌వేర్లు మెరుగుపడ్డాయి, నిజమే. అయినా తెర మీద ఎర్ర గుర్తు వచ్చినంత మాత్రాన ఎదుటివారు దొంగ అయిపోరు. యంత్రం విఫలమైతే మనిషి చూసే మార్గం ఉండాలి. ఆ మార్గంలో వెళ్లినవారు వరుసలో మళ్లీ మొదటి నుంచి నిలబడే పరిస్థితి రాకూడదు.

ఆరో అడుగు: "నా రంగు చూసి అడిగారు" అన్నప్పుడు

ఈ మాట వినగానే మనసు చివుక్కుమంటుంది. "నాకు అలాంటివి లేవు", "నా స్నేహితుల్లో కూడా మీవాళ్లు ఉన్నారు" అన్న సమర్థనలు వెంటనే నోటి దాకా వస్తాయి. వాటిని మింగేయండి. ఎదుటివారు ప్రశ్నించింది మీ మనసును కాదు, మీరు చేసిన పనిని. కాబట్టి సమాధానం కూడా పని గురించే ఉండాలి: "ఈ నియమం ఇక్కడ రాసి ఉందండి, చూడండి. ఈ పని మీద వచ్చిన అందరినీ అడగాలి. మీకు అలా జరగలేదనిపిస్తే ఫిర్యాదు రాయవచ్చు, నా పేరు ఇది." కిందటి మనిషిని అడగకుండా పంపించి ఉంటే ఒప్పుకోండి. "ఆయనను కూడా అడిగి ఉండవలసింది, అది నా పొరపాటు" అన్న వాక్యం చెప్పడం కష్టమే. కానీ వరుసలో వెనుక నిలబడి అంతా చూసినవారి ఎదుట దాన్ని కాదనడం ఇంకా కష్టం.

వారు ముఖం చూపనంటే ఆ పని చేయలేమని మర్యాదగా చెప్పి, మిగతా మార్గాలు మరొకసారి వివరించి, అక్కడితో ఆపండి. ఒక సేవ కోసం ముఖం చూపడానికి ఒప్పుకోకపోవడం దానంతట అదే నేరం కాదు. బెదిరింపో, దొంగతనమో, దాడో జరిగితే పోలీసులను పిలవాలి. వాదనకు పోలీసులను పిలవకూడదు. 2018 ఏప్రిల్‌లో ఫిలడెల్ఫియాలోని ఒక స్టార్‌బక్స్ కాఫీ దుకాణంలో తమ స్నేహితుడి కోసం ఎదురుచూస్తూ, ఇంకా ఏమీ కొనకుండా కూర్చున్న ఇద్దరు నల్లజాతి యువకుల మీద మేనేజరు పోలీసులకు ఫోన్ చేయడంతో వారికి బేడీలు పడ్డాయి. ఆ సంస్థ మే 29న అమెరికాలోని తన 8,000కు పైగా దుకాణాలను మధ్యాహ్నం పూట మూసివేసి సిబ్బందికి జాతి పక్షపాతం మీద శిక్షణ ఇచ్చింది. కొనకుండా కూర్చోవడమన్నది ఆ దుకాణాల్లో ఎంతోమంది రోజూ చేసే పనే. పోలీసులకు ఫోన్ వెళ్లింది మాత్రం వారిద్దరి మీదే.

ఏడో అడుగు: వదిలేసినవాటిని లెక్కపెట్టండి

నేను శిక్షణ ఇచ్చిన ఒక చోట, కౌంటరులో అందరికంటే మర్యాదస్తుడని పేరున్న ఉద్యోగి మీద రెండు ఫిర్యాదులు వచ్చాయి. ఆయన ఎవరితోనూ దురుసుగా మాట్లాడే మనిషి కాదు. నియమం ప్రకారమే అడిగానని ఆయన అన్నారు, చూస్తే నిజమే. అప్పుడు వెనక్కి వెళ్లి ఆ వారంలో అదే పని మీద వచ్చినవారందరి నమోదులు తీసి చూశాం. తెలిసినవారనీ, వయస్సులో పెద్దవారనీ, "రోజూ వచ్చేవారే కదా" అనీ ఆయన కార్డు చూడకుండా పంపించినవారు చాలామంది ఉన్నారు. వారంతా ఆయన భాష మాట్లాడేవారు, ఆయనలాంటివారు. మొహమాటం ఎవరి దగ్గర కలుగుతుందో, ఎవరి దగ్గర కలగదో అన్నదే అక్కడ వివక్షగా పనిచేసింది. ఆయన ఎవరినీ ద్వేషించలేదు.

అందుకని నమోదు పుస్తకంలోనో, కంప్యూటరు తెర మీదనో ఒక గడి చేర్చండి. పై కాగితంలో ముఖం అవసరమని రాసుకున్న ప్రతి పనికీ, పోల్చి చూశారా లేదా, చూడకపోతే ఎందుకన్నది నింపాలి. వచ్చినవారి జాతి గురించి గానీ మతం గురించి గానీ ఏమీ రాయకండి, అది మీ పని కాదు, చాలా చోట్ల చట్టం కూడా ఒప్పుకోదు. నెలాఖరున మీరు చూడవలసిన అంకె ఒక్కటే: అడగవలసి ఉండీ అడగకుండా వదిలేసినవి ఎన్ని. ఆ అంకె పెద్దదిగా ఉంటే మీ నియమం అమలులో లేదని అర్థం. అలాంటప్పుడు రెండే దారులు ఉన్నాయి. అందరినీ అడగడం మొదలుపెట్టాలి, లేదా ఆ నియమం అక్కర్లేనిదని ఒప్పుకుని తీసేయాలి. నా అనుభవంలో చాలాసార్లు రెండోదే సరైనదని తేలింది. మీకు తెలిసినవారిని అడగడానికి మొహమాటపడేంత అనవసరమైన నియమాన్ని, తెలియనివారి మీద ఎందుకు ప్రయోగించాలి?

వీలుంటే అప్పుడప్పుడు మీరే ఇద్దరిని పంపి చూడండి. ఒకే పని, ఒకే రకమైన కార్డు, ఒకే రకమైన మాస్కు. మనుషులు మాత్రం వేర్వేరు జాతులవారు. ఇలా జంటగా పంపి చూసే పద్ధతిని అద్దె ఇళ్ల విషయంలో వివక్షను బయటపెట్టడానికి ఎప్పటి నుంచో వాడుతున్నారు. ఒక జంటతో ఏదీ తేలదు, అనేకసార్లు చేయాలి. ఫలితాన్ని ఉద్యోగులను శిక్షించడానికి వాడితే మరుసటి నెల నుంచి నమోదులన్నీ కాగితం మీద మాత్రమే చక్కగా ఉంటాయి.

చివరి అడుగు: ఫిర్యాదు అందినప్పుడు

మొట్టమొదట సీసీటీవీ దృశ్యాలను భద్రపరచండి, ఎందుకంటే చాలా వ్యవస్థల్లో కొన్ని రోజులకో, వారాలకో పాతవాటి మీద కొత్తవి రికార్డు అయిపోతాయి. ఫిర్యాదు చేసినవారు ఉన్న నిమిషాన్ని మాత్రమే కాకుండా ఆ పూటంతా దాచండి. వారితో ఎలా ప్రవర్తించారన్నదానికి అర్థం వచ్చేది వారికి ముందూ వెనుకా ఉన్నవారితో పోల్చినప్పుడే. యూరప్ సమాచార రక్షణ నిబంధనల ప్రకారం, తమకు సంబంధించిన దృశ్యాలు కావాలని ఎవరైనా అడిగితే సాధారణంగా నెల లోపల సమాధానం ఇవ్వాలి. బ్రిటన్‌లో సేవలకు సంబంధించిన వివక్ష మీద కోర్టుకు వెళ్లడానికి సంఘటన జరిగిన నాటి నుంచి ఆరు నెలలకు ఒక రోజు తక్కువ వ్యవధి ఉంటుంది. కాబట్టి జవాబును నెలల తరబడి సాగదీయడం ఫిర్యాదుదారుని హక్కును కాలరాయడమే అవుతుంది.

జవాబు రాసేటప్పుడు "మా సంస్థ వివక్షను సహించదు" అన్న వాక్యంతో మొదలుపెట్టకండి. ఏ రోజు, ఏ పని, ఏ నియమం, ఆ పూట అదే పని మీద ఎందరు వచ్చారు, వారిలో ఎందరి ముఖాన్ని ఫొటోతో పోల్చి చూశారు అన్నవి రాయండి. అందరినీ అడిగి ఉంటే ఆ అంకెలే మీ తరఫున మాట్లాడతాయి. అడగలేదని తేలితే ఆ సంగతి అలాగే రాసి, క్షమాపణ చెప్పి, నియమంలో మార్చింది ఏమిటో చెప్పండి. నియమం మార్చిన ప్రతిసారీ తేదీ వేసి, పాత కాగితాన్ని పారేయకుండా దాచండి. ఆర్నెల్ల తర్వాత వచ్చే ఉత్తరం, ఆ రోజున అమలులో ఉన్న నియమం గురించి అడుగుతుంది.